ఫార్సీ వ్యాకరణం: నేర్చుకునే తెలుగువాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఫార్సీ మొదలుపెట్టిన తెలుగువాళ్లని చూస్తుంటే సందేహాలు ఎప్పుడూ అవే వస్తాయి, దాదాపు అదే వరసలో. మొదట లిపి, తర్వాత రాయకుండా పలికే ‘ఎ’, ఆ తర్వాత కర్మకి తగిలించే ‘రా’, ఇక అక్కణ్ణుంచి క్రియలు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకి కావాలంటే ఆ ప్రశ్నకి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఇక్కడ ఉన్నది ఇరాన్ ఫార్సీ. ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాను. ‘ఖ’ని గొంతులోంచి గరగరగా పలకాలి. ‘జ’ చాలాచోట్ల ఉర్దూవాళ్లు ‘జిందగీ’ అనేటప్పుడు పలికే జ.

## మొదలుపెట్టే రోజుల్లో

నాకు హిందీ, కాస్త ఉర్దూ వచ్చు. ఫార్సీ సులువుగా వచ్చేస్తుందా?

మాటల వరకు అవును. రోజ్, తాజె, పసంద్, దర్ఖాస్త్ లాంటివి తెలుగువాళ్లకే తెలుసు, హిందీవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. వ్యాకరణం దగ్గర మాత్రం హిందీ సాయం తక్కువ, చిక్కులు ఎక్కువ. ఫార్సీలో స్త్రీలింగం, పుంలింగం లేవు. అతనైనా ఆమె అయినా ‘ఊ’ అంటే సరిపోతుంది. వచ్చాడు, వచ్చింది రెండూ ‘ఆమద్’. హిందీలో భూతకాలానికి తగిలించే ‘నే’ కూడా లేదు.

నన్నడిగితే, మాటలు హిందీ నుంచి తెచ్చుకుని, చిన్న వాక్యాన్ని తెలుగు నుంచి కట్టుకోవడం మేలు. కర్త, కర్మ, క్రియ అదే వరసలో ఉంటాయి. తెలుగు ‘ని’ లాంటి ప్రత్యయం ఉంది. హిందీలో స్థిరంగా లేని హ్రస్వ ఎ, ఒ మన లిపిలోనే ఉన్నాయి కాబట్టి ‘కెతాబ్’, ‘బొజొర్గ్’ అని తడుముకోకుండా పలకగలం. తెలిసిన మాటే కదా అని ధీమాగా మాత్రం ఉండకండి. ఇరాన్‌లో ‘గొలాబీ’ అడిగితే పువ్వు ఇవ్వరు, బేరిపండు ఇస్తారు.

హ్రస్వాచ్చులు రాయనే రాయకపోతే మాటని ఎలా చదవాలి?

అ, ఎ, ఒ మామూలు రాతలో కనిపించవు. ఆ, ఈ, ఊ కనిపిస్తాయి. కాఫ్, రే, మీమ్ అనే మూడు అక్షరాలు పక్కపక్కన రాసి ఉంటే అది ‘కరమ్’ కావచ్చు, దయ. ‘కెర్మ్’ కావచ్చు, పురుగు. ‘కెరెమ్’ కూడా కావచ్చు, మొహానికి రాసుకునే క్రీమ్. పురుగు గురించిన వాక్యంలో క్రీమ్ రాదు కాబట్టి చదివేవాళ్లకి ఇబ్బంది ఉండదు. కానీ ఆ మాట ముందే చెవిన పడి ఉండాలి. అందుకే కొత్త మాటని కంటితో కాదు, చెవితో నేర్చుకోండి. అచ్చుల గుర్తులు పెట్టి ఉన్న పాఠ్యపుస్తకాలని మొదటి నెల దాటాక పక్కన పెట్టేయండి. వాటికి అలవాటుపడితే పేపరు చదవడం కష్టమవుతుంది.

ఒకే శబ్దానికి నాలుగు అక్షరాలు ఎందుకు? ఏది ఎక్కడ రాయాలి?

ఫార్సీ అక్షరాలు 32. అరబ్బీ నుంచి వచ్చిన మాటలు వాటి పాత అక్షరాలతోనే వచ్చాయి, పలికేది మాత్రం ఫార్సీ నోరు. అందుకని జ శబ్దానికి నాలుగు, స శబ్దానికి మూడు, త, హ శబ్దాలకి రెండేసి అక్షరాలు మిగిలాయి. ఏది ఎక్కడ అన్నదానికి సూత్రం లేదు, మాటతోపాటు అక్షరాన్నీ గుర్తుపెట్టుకోవాలి.

## మొదటి వాక్యాలు

ఎక్కడా రాసి ఉండని ‘ఎ’ని ఎక్కడ పలకాలో ఎలా తెలుస్తుంది?

దీని పేరు ఎజాఫె. నా లెక్కన ఫార్సీలో అసలు కష్టం ఇదే. క్రియలు బట్టీ పడితే వస్తాయి, ఇది వాక్యం అర్థమైతే తప్ప రాదు.

ఒక నామవాచకం తర్వాత దాన్ని వర్ణించే మాటో, దాని యజమానో వస్తే మధ్యలో ‘ఎ’ వస్తుంది. కెతాబ్-ఎ మన్ అంటే నా పుస్తకం. కెతాబ్-ఎ బొజొర్గ్ అంటే పెద్ద పుస్తకం. ముందు మాట ఆ, ఊ, ఎ లాంటి అచ్చుతో ముగిస్తే ‘యె’ అవుతుంది. రెండు వజ్రాల పేర్లతో ఇది మర్చిపోకుండా ఉంటుంది. గోల్కొండ గనులవిగా చెప్పే కోహినూర్, దరియానూర్ రెండింటినీ 1739లో నాదిర్ షా ఢిల్లీ నుంచి పట్టుకుపోయాడు. ఇవాళ ఒకటి లండన్‌లో, ఇంకొకటి టెహ్రాన్‌లో ఉన్నాయి. ఇరాన్ ఉచ్చారణలో మొదటిది కూహ్-ఎ నూర్, హల్లు తర్వాత ‘ఎ’. రెండోది దర్యా-యె నూర్, అచ్చు తర్వాత ‘యె’.

తెలుగుతో పోలిస్తే వరస మొత్తం తలకిందులు. ‘మా తమ్ముడి పెద్ద పుస్తకం’ అనాలంటే కెతాబ్-ఎ బొజొర్గ్-ఎ బరాదర్-ఎ మన్. అసలు వస్తువు ముందు, దాని గుణం తర్వాత, యజమాని చివర. గొలుసులో ప్రతి మాట వెనకా ‘ఎ’ ఉంటుంది, ఆఖరి మాట వెనక మాత్రం ఉండదు.

చదివేటప్పుడు తప్పితే అర్థమే మారుతుంది. ‘పెదర్’, ‘మెహ్‌రబాన్’ అనే మాటలు పక్కపక్కన ఉన్నాయనుకోండి. పెదర్-ఎ మెహ్‌రబాన్ ఆమద్ అంటే దయగల తండ్రి వచ్చాడు. పెదర్ మెహ్‌రబాన్ అస్త్ అంటే తండ్రి దయగలవాడు. మొదటి రెండు మాటలూ రాతలో అచ్చంగా ఒకేలా ఉంటాయి. కాబట్టి వాక్యం చివర ఉన్న క్రియని ఒకసారి చూసి, అప్పుడు పైకి చదవండి. ఇరాన్ పిల్లలు కూడా బళ్లో ఇలా తడబడుతూనే నేర్చుకుంటారు, టెన్షన్ పడకండి.

‘రా’ని ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు వదిలేయాలి?

వస్తువుల విషయంలో తెలుగు చెవి దాదాపు సరిగ్గానే చెప్తుంది. ‘పుస్తకం కొన్నాను’కి కెతాబ్ ఖరీదమ్. ఏ పుస్తకమో ఇద్దరికీ తెలిసి ‘ఆ పుస్తకాన్ని కొన్నాను’ అనాలంటే కెతాబ్ రా ఖరీదమ్. తెలుగులో ‘ని’ వచ్చినట్టే ఫార్సీలో ‘రా’ వచ్చింది.

తేడా మనుషుల దగ్గర వస్తుంది. తెలుగులో మనిషైతే చాలు, ‘ని’ పెట్టాల్సిందే. ‘ఒక పిల్లాణ్ణి చూశాను’ అంటాం. ఫార్సీ మనిషా, వస్తువా అని చూడదు, తెలిసినదా కాదా అనే చూస్తుంది. ఎవరో ఒక పిల్లాడైతే పెసరీ దీదమ్, ‘రా’ అక్కర్లేదు. ఆ పిల్లాడైతే పెసర్ రా దీదమ్. పేర్లకి, సర్వనామాలకి, ‘నా’ ‘మీ’ అని యజమాని తెలిసినవాటికి ‘రా’ తప్పదు. అది ఎప్పుడూ మొత్తం పదబంధం చివర్లో వస్తుంది. కెతాబ్-ఎ బరాదర్-ఎ మన్ రా ఖాందమ్, అంటే మా తమ్ముడి పుస్తకాన్ని చదివాను.

ఇంకో చిక్కు, తెలుగులో ‘ని’ ఉన్నచోటల్లా ‘రా’ పెట్టేయడం. ‘అతన్ని అడిగాను’ అనడానికి అజ్ ఊ పొర్సీదమ్ అనాలి, అక్షరాలా ‘అతని నుంచి’. ‘ఆమెని పెళ్లి చేసుకున్నాను’ అనడానికి బా ఊ ఎజ్‌దెవాజ్ కర్దమ్, ‘ఆమెతో’. ‘కుక్కకి భయపడ్డాను’ అంటే అజ్ సగ్ తర్సీదమ్, ఇక్కడ కూడా ‘నుంచి’. క్రియ నేర్చుకున్నప్పుడే దానితో వచ్చే అజ్, బా, బె కూడా కలిపి రాసుకోవడం తప్ప వేరే మందు లేదు.

‘మూడు పుస్తకాలు’ అనేటప్పుడు బహువచనం ఎందుకు పెట్టకూడదు?

సంఖ్య చెప్పాక మళ్లీ బహువచనం అనవసరం అనేది ఫార్సీ లెక్క. సె కెతాబ్ అంటే మూడు పుస్తకాలు. చార్మినార్ పేరు చూడండి, నాలుగు మినార్లున్నా పేరులో మినార్ ఒక్కటే. మాట్లాడేటప్పుడు మధ్యలో ‘తా’ చేరుస్తారు. రెండు టీ కావాలంటే దొ తా చాయి. మనుషులకి ‘నఫర్’ వాడతారు, సె నఫర్ అంటే ముగ్గురు.

సంఖ్య లేనప్పుడు ‘హా’ తగిలిస్తే చాలు, కెతాబ్‌హా. అరబ్బీ పద్ధతిలో వచ్చే ‘కొతొబ్’ లాంటి బహువచనాలు చదివినప్పుడు గుర్తుపడితే సరిపోతుంది, వాటిని మాట్లాడేటప్పుడు వాడాలని పట్టుబట్టకండి.

బహువచనానికి ఏకవచన క్రియ వేయడం తప్పు కాదా?

ప్రాణంలేని వస్తువులైతే కాదు. కెతాబ్‌హా రూ-యె మీజ్ అస్త్, పుస్తకాలు బల్లమీద ఉన్నాయి. మనుషులైతే క్రియ కూడా బహువచనంలోనే ఉండాలి.

‘ఇంకా పెద్ద ఊరు’, ‘అన్నిటికంటే పెద్ద ఊరు’ ఎలా చెప్పాలి?

మొదటిదానికి ‘తర్’, రెండోదానికి ‘తరీన్’. షహ్ర్-ఎ బొజొర్గ్‌తర్ అంటే ఇంకా పెద్ద ఊరు. బొజొర్గ్‌తరీన్ షహ్ర్ అంటే అన్నిటికంటే పెద్ద ఊరు. గమనించారా, ‘తరీన్’ మాట తెలుగులోలాగా నామవాచకానికి ముందుకి వచ్చేసింది, ఎజాఫె కూడా పోయింది.

‘లో’, ‘తో’, ‘మీద’ లాంటివి ముందు వస్తాయి సరే. కొన్నిటి వెనక ‘ఎ’ ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఏమిటి సూత్రం?

దర్ (లో), బె (కి), అజ్ (నుంచి), బా (తో), తా (దాకా), బీ (లేకుండా) అనే చిన్న మాటలకి ‘ఎ’ ఉండదు. మిగతావి ఒకప్పటి నామవాచకాలు. జీర్ అంటే కింది భాగం, కెనార్ అంటే పక్క, పొష్త్ అంటే వీపు. నామవాచకాలు కాబట్టి జీర్-ఎ మీజ్ (బల్ల కింద), కెనార్-ఎ దర్యా (సముద్రం పక్కన), పొష్త్-ఎ దర్ (తలుపు వెనక) అని ఎజాఫెతోనే వస్తాయి.

## క్రియల దగ్గర

ఒక్క క్రియకి రెండు ధాతువులేమిటి? దీదన్ ఎక్కడ, మీ-బీనమ్ ఎక్కడ?

‘చూడటం’కి దీదన్. ‘అన్’ తీసేస్తే భూతకాల ధాతువు ‘దీద్’. మీ-బీనమ్ (చూస్తాను)లో ముందున్న ‘మీ’ వర్తమానంలో చేరే గుర్తు, చివరి ‘అమ్’ అంటే నేను. మధ్యలో ఉన్న ‘బీన్’ వర్తమాన ధాతువు, దాన్ని విడిగా నేర్చుకోవాల్సిందే. భూతకాలంలో చిక్కులేమీ లేవు, తంటా అంతా వర్తమానంతోనే.

అయితే మరీ దిక్కులేనిది కాదు. ‘ఖ్త్’తో ముగిసేవి చాలావరకు ‘జ్’ అవుతాయి. సాఖ్తన్‌కి సాజ్, సూఖ్తన్‌కి సూజ్, ఆమూఖ్తన్‌కి ఆమూజ్. ‘ష్త్’తో ముగిసేవాటిలో కొన్ని ‘ర్’ అవుతాయి. దాష్తన్‌కి దార్, కాష్తన్‌కి కార్, గొజాష్తన్‌కి గొజార్. ‘ఫ్త్’ కొన్నిచోట్ల ‘బ్’, యాఫ్తన్‌కి యాబ్. జమీందార్‌లో దార్, గడియారాలు బాగుచేసే ఘడీసాజ్‌లో సాజ్ ఈ వర్తమాన ధాతువులే. ఇవన్నీ పట్టుకున్నా రఫ్తన్‌కి రవ్, గొఫ్తన్‌కి గూ, కర్దన్‌కి కొన్, దాదన్‌కి దెహ్, నెవెష్తన్‌కి నెవీస్ లాంటివి బట్టీ పట్టాలి. ఎక్కువగా వాడేవే ఎక్కువ వంకర్లు పోతాయి. కాకపోతే రోజూ నోట్లో నలుగుతాయి కాబట్టి తొందరగానే పట్టుబడతాయి.

‘వెళ్లాలనుకుంటున్నాను’లో రెండు క్రియలకీ ‘నేను’ గుర్తు ఎందుకు పెట్టాలి?

తెలుగులో చివరి క్రియ ఒక్కటే కర్తకి తగ్గట్టు మారుతుంది, ముందున్నవి ‘వెళ్లి’, ‘వెళ్లాలని’, ‘వెళ్లగల’ అంటూ స్థిరంగా ఉండిపోతాయి. ఫార్సీలో రెండూ మారాలి. మీ-ఖాహమ్ బెరవమ్, అక్షరాలా ‘కోరుతున్నాను, వెళ్దును’. నువ్వు అయితే మీ-ఖాహీ బెరవీ. మీ-ఖాహమ్ రఫ్తన్ అని కొత్తవాళ్లు అంటూ ఉంటారు. అర్థమవుతుంది కానీ తప్పు.

రెండో క్రియకి ముందున్న ‘బె’ ఇంకా జరగని పనికి గుర్తు. కోరిక, శక్తి, అనుమానం, అవసరం, వీటి తర్వాత అదే వస్తుంది. మీ-తవానమ్ బెరవమ్, వెళ్లగలను. షాయద్ బెరవమ్, బహుశా వెళ్తాను. బాయద్ బెరవమ్, వెళ్లాలి. బాయద్ మాత్రం ఎవరికైనా అలాగే ఉంటుంది, మారదు.

‘కాదు’ అనాలంటే ‘న’ వచ్చి ‘బె’ని తోసేస్తుంది, నరవమ్. ‘మీ’ని మాత్రం తొయ్యదు, దాని ముందు ‘నె’గా మారి నిలబడుతుంది, నెమీ-రవమ్. ‘చేయడం’ అనే కర్దన్‌తో కట్టిన క్రియల్లో ‘బె’ తరచు పోతుంది, మీ-ఖాహమ్ కార్ కొనమ్, పని చేయాలనుకుంటున్నాను. ‘కలిగి ఉండటం’ అనే దాష్తన్‌కి వర్తమానంలో అసలు ‘మీ’ పెట్టరు, దారమ్ అంటే చాలు.

‘వెళ్తున్నాను’, ‘వెళ్తాను’ రెండింటికీ మీ-రవమ్ ఒకటేనా?

ఒకటే. భవిష్యత్తుకి ఖాహమ్ రఫ్త్ అనే రూపం ఉంది కానీ అది వార్తల్లో, రాతల్లో మాటే. మాటల్లో మీ-రవమ్‌తోనే గడిచిపోతుంది. సరిగ్గా ఇప్పుడే వెళ్తూ ఉన్నానని చెప్పాలంటే దారమ్ మీ-రవమ్. దీనికి వ్యతిరేక రూపం లేదు, ‘వెళ్లడంలేదు’కి మళ్లీ నెమీ-రవమ్ అనే అనాలి.

వింటే వింతగా అనిపించేది ఇంకోటి ఉంది. ఎవరైనా పిలిస్తే ఇంకా గదిలోనే ఉన్న మనిషి ‘ఆమదమ్!’ అని అరుస్తాడు. రూపం భూతకాలం. మనం చెప్పులు వెతుక్కుంటూ ‘వచ్చేశా!’ అనడం లాంటిదే.

రఫ్తమ్, రఫ్తె-అమ్ మాటల్లో ఒకేలా వినిపిస్తున్నాయి. తేడా ఎలా పట్టుకోవాలి?

ఊనికతో. ‘వెళ్లాను’ అనేటప్పుడు బరువు ‘రఫ్’ మీద పడుతుంది. ‘వెళ్లి ఉన్నాను’ అనే రఫ్తె-అమ్‌ని జనం కుదించి పలికినప్పుడు బరువు చివరి ‘తమ్’ మీద పడుతుంది. రెండో రూపానికి తెలుగు ‘వెళ్లి ఉన్నాను’, ‘కూర్చుని ఉన్నాను’ దగ్గర చుట్టాలు. నెషస్తె-అమ్ అంటే కూర్చుని ఉన్నాను. అక్కడ మీ-నెషీనమ్ అంటే ఇప్పుడు కూర్చోబోతున్నానని అర్థమొస్తుంది. బస్సులో ఈ రెండూ కలగాపులగం చేస్తే పక్కవాడు సీటు ఖాళీ చేసినా చేస్తాడు.

‘తినడం’ అనే క్రియ సంబంధంలేని ప్రతిచోటా ఎందుకు వస్తుంది?

ఖొర్దన్ అన్నం తినడానికే కాదు. ఆబ్ ఖొర్దన్ నీళ్లు తాగడం, సర్మా ఖొర్దన్ జలుబు చేయడం, జమీన్ ఖొర్దన్ కింద పడటం. ఫార్సీలో విడి క్రియలు తక్కువ. నామవాచకానికి కర్దన్, జదన్, ఖొర్దన్, కెషీదన్ లాంటి క్రియని తగిలించి కొత్త క్రియ చేసుకుంటారు.

జదన్ అంటే కొట్టడం. కొతక్ జదన్ అంటే కొట్టడం, కొతక్ ఖొర్దన్ అంటే తన్నులు తినడం. గూల్ జదన్ మోసం చేయడం, గూల్ ఖొర్దన్ మోసపోవడం. మనం దెబ్బ కొట్టడం, దెబ్బ తినడం అన్నట్టే జతగా నడుస్తాయి. ఈ జతలో హిందీ కంటే తెలుగు మీద నమ్మకం పెట్టినా నష్టం లేదు.

వ్యాకరణం దృష్ట్యా గుర్తుంచుకోవాల్సింది, ‘మీ’, ‘నె’ రెండో ముక్కకే తగులుతాయి. హర్ఫ్ మీ-జనమ్ (మాట్లాడతాను), హర్ఫ్ నెమీ-జనమ్ (మాట్లాడను). ‘నిన్ను’, ‘నన్ను’ అనే చిన్న ప్రత్యయాలు మాత్రం మొదటి ముక్కకి అంటుకోవచ్చు. దూస్తత్ దారమ్, నువ్వంటే ఇష్టం. ఇందులో ‘అత్’ నువ్వు.

‘నాకు తెలుసు’, ‘నాకు నిద్రొస్తోంది’ అనేవాటికి ‘నాకు’ని ఎలా చెప్పాలి?

ఇవి రెండు రకాలు. తెలుసు, కావాలి, ఉంది అనేవి ఫార్సీలో మామూలు కర్తతోనే వస్తాయి. మీ-దానమ్, మీ-ఖాహమ్, దారమ్. ‘నాకు ఇద్దరు తమ్ముళ్లున్నారు’ని ‘బె మన్’తో మొదలుపెట్టి కష్టపడకండి, మన్ దొ బరాదర్ దారమ్ అంటే చాలు.

రెండో రకంలో మన తెలుగు వాక్యమే కనిపిస్తుంది. ఖాబమ్ మీ-ఆయద్, నాకు నిద్ర వస్తోంది. సర్దమ్ అస్త్, నాకు చలిగా ఉంది. యాదమ్ రఫ్త్, మర్చిపోయాను. అజ్ ఈన్ ఫీల్మ్ ఖొషమ్ మీ-ఆయద్, ఈ సినిమా నాకు నచ్చుతుంది. క్రియ కదలదు, మనిషి ఎవరన్నది మధ్యలో ఉన్న అమ్, అత్, అష్ చెప్తాయి. నీకు నిద్రొస్తోందా అంటే ఖాబత్ మీ-ఆయద్? ఇంగ్లిష్ ద్వారా నేర్చుకునేవాళ్లకి ఇవి చాలా వింతగా ఉంటాయి. మనకి అంత కష్టమనిపించకూడదు.

## పొడుగు వాక్యాలు

‘నిన్న వచ్చిన మనిషి’ లాంటి వాక్యం ఎంత కట్టినా రావడం లేదు. ఎందుకు?

తెలుగులో వర్ణన అంతా ముందు వచ్చి మనిషి చివర వస్తాడు. ఫార్సీలో మనిషి ముందు వస్తాడు, అతనికి ‘ఈ’ తగిలించి, ‘కె’ పెట్టి, ఆ తర్వాత కథ చెప్తారు. మర్దీ కె దీరూజ్ ఆమద్. ‘వచ్చిన’ లాంటి ఒక్కమాట రూపం కోసం వెతక్కండి, మామూలు క్రియే వస్తుంది.

‘నేను మాట్లాడిన మనిషి’ అన్నప్పుడు ఎవరితో అన్నది తెలుగులో మింగేస్తాం. ఫార్సీలో దాన్ని తిరిగి చెప్పాలి. మర్దీ కె బా ఊ హర్ఫ్ జదమ్, అంటే ‘మనిషి, అతనితో మాట్లాడాను’. ‘నేనుండే ఇల్లు’ ఖానెఈ కె దర్ ఆన్ జెందెగీ మీ-కొనమ్. చదివేటప్పుడు ‘కె’ కనపడగానే రెండో క్రియ ఒకటి ముందు ఉందని గుర్తుపెట్టుకోండి. అసలు క్రియ వాక్యం చివర ఎక్కడో ఉంటుంది.

‘వస్తానన్నాడు’ని ఎలా చెప్పాలి?

గొఫ్త్ కె మీ-ఆయద్. ‘అన్నాడు’ ముందుకి వచ్చింది, ‘అని’ స్థానంలో ‘కె’ వచ్చింది. కాలం తెలుగులోలాగే మారదు. పురుష మాత్రం మారుతుంది, ‘వస్తాను’ కాస్తా ‘వస్తాడు’ అయింది.

‘వస్తే’, ‘తెలిసుంటే వచ్చేవాణ్ణి’ అనేవి?

అగర్ బియాయద్, వస్తే. అగర్ ఆమద్ అని భూతకాల రూపం కూడా వాడతారు. అగర్ ఆమద్, బె మన్ బెగూ, వస్తే నాతో చెప్పు. జరగని సంగతికి ‘మీ’తో భూతకాలం. అగర్ మీ-దానెస్తమ్, మీ-ఆమదమ్, తెలిసుంటే వచ్చేవాణ్ణి. ‘రోజూ వచ్చేవాణ్ణి’ అనడానికీ అదే మీ-ఆమదమ్. తెలుగులోనూ రెండుచోట్లా ‘వచ్చేవాణ్ణి’యే కదా, కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు.

## మనుషులతో మాట్లాడేటప్పుడు

పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడుతున్నా. ఎందుకు నవ్వుతున్నారు?

కూరగాయల బండి దగ్గర గ్రాంథికం మాట్లాడితే మనమూ నవ్వుతాం. ఇరాన్‌లో రాసే భాష, మాట్లాడే భాష మధ్య దూరం ఎక్కువ. మీ-రవమ్‌ని మీరమ్ అంటారు, మీ-గూయమ్‌ని మీగమ్, మీ-ఖాహమ్‌ని మీఖామ్. మీ-రవద్ మీరె అవుతుంది. అస్త్ కరిగి ‘ఎ’ మిగులుతుంది. చాలా మాటల్లో ‘న’ ముందున్న ఆ ఊగా మారుతుంది, నాన్ నూన్, ఖానె ఖూనె. అగర్ అగె, దీగర్ దీగె. ‘రా’ అయితే ‘రొ’, లేదా ఒట్టి ‘ఒ’, కెతాబొ ఖరీదమ్.

వరస కూడా సడలుతుంది. వెళ్లే చోటు క్రియ తర్వాతకి జారిపోతుంది, ‘బె’ ఎగిరిపోతుంది. బె ఖానె రఫ్తమ్ అని రాస్తారు, రఫ్తమ్ ఖూనె అంటారు. మనం ‘పోయా ఇంటికి’ అన్నట్టు.

రెండింటినీ మొదటి నుంచి పక్కపక్కన రెండు వరసల్లో రాసుకోమని నా సలహా. ముందు పుస్తకభాష పూర్తిచేసి తర్వాత వాడుకభాష నేర్చుకుందామనుకున్నవాళ్లు మళ్లీ మొదటికి వస్తారు.

తొ, షొమా ఎవరికి ఏది?

నువ్వు, మీరు అనుకోండి, పెద్దగా పొరపాటు రాదు. కొత్తవాళ్లకి షొమా. గౌరవంగా మూడో మనిషి గురించి చెప్పేటప్పుడు ఈషాన్ అని, క్రియని బహువచనంలో పెడతారు, ఆగా-యె దొక్తొర్ ఆమదంద్. ‘డాక్టరుగారు వచ్చారు’ అనడానికి అలవాటుపడ్డ మనకి ఇది వివరించాల్సిన పనే లేదు.

అఫ్గాన్ల దరీ, తజికిస్తాన్ భాష వేరే వ్యాకరణమా?

ఎముకల గూడు ఒకటే. ఎజాఫె, రా, మీ-, బె- మూడుచోట్లా ఉన్నాయి. తజికిస్తాన్‌లో సిరిలిక్ లిపిలో రాస్తారు. ‘చేస్తూ ఉన్నాను’ లాంటి రూపాలు మూడుచోట్లా తలో రకంగా ఉంటాయి.

ఉచ్చారణలో పాత దీర్ఘ ఏ, ఓలని అఫ్గాన్లు నిలబెట్టుకున్నారు, ఇరాన్‌వాళ్లు ఈ, ఊలుగా మార్చేసుకున్నారు. సింహం దరీలో షేర్, పాలు షీర్. ఇరాన్‌లో రెండూ షీరే. హైదరాబాద్ ఉర్దూలో వినే షేర్, కోహ్ అనే పలుకుబడి దరీకే దగ్గర, ఎందుకంటే మన దేశానికి ఫార్సీ వచ్చిన కాలానికి ఆ అచ్చులు ఇంకా మారలేదు. అందుకే పాతబస్తీ నుంచి వచ్చిన విద్యార్థికి కాబూల్ రేడియో ముందు అర్థమవుతుంది, టెహ్రాన్ సినిమా తర్వాత. ఏది నేర్చుకోవాలన్నది మీరు ఎవరితో మాట్లాడాలన్నదాన్ని బట్టి తేల్చుకోండి. ఒక ఏడాదిపాటు మాత్రం రెండిటినీ కలపకండి.